తేలికపాటి ఎయిర్ గన్ను – కొనే ముందు చూడవలసినవి

మన బులెటిన్‌లో ఇంతవరకు ప్రవేశ పరీక్షల గురించి, పై చదువుల గురించి వచ్చినన్ని వ్యాసాలు చేతిపని నేర్చుకునే పిల్లల కోసం రాలేదు. ఐ.టి.ఐ.లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదువుతున్నవారికి పనికివచ్చే పాఠం ఒకటి రాయమని కమిటీ పెద్దలు నన్ను అడిగారు. నేను కుడతినిలో ఇరవై ఆరేళ్ళుగా షెడ్డు నడుపుతున్నవాణ్ణి. పానా పట్టినంత సులువుగా కలం పట్టలేను. తప్పులుంటే మన్నించగలరు.

ఏ విషయం మీద రాయాలా అని ఆలోచిస్తుండగా విషయమే నడుచుకుంటూ షెడ్డుకు వచ్చింది. రెండో సంవత్సరం చదువుతున్న మన విద్యార్థి ఒకడు, పనిముట్ల కోసం ట్రస్టు ఇచ్చే పదిహేను వేల రూపాయల సహాయానికి దరఖాస్తు నింపుకొని నా సంతకం కోసం వచ్చాడు. అందులో ఒకే ఒక వస్తువు రాసి ఉంది: అరంగుళం ఎయిర్ ఇంపాక్ట్ రెంచి, 14,600 రూపాయలు.

"ఇదే ఎందుకప్పా?" అన్నాను.

"వెయ్యి న్యూటన్ మీటర్లు ఇస్తుంది మామా. బరువు రెండు కిలోలు కూడా లేదు" అన్నాడు, ఫోనులో బొమ్మ చూపిస్తూ.

"మీ నాయన తీసుకున్న షెడ్డులో కంప్రెసర్ ఎంతది?"

"రెండు హెచ్.పి. మామా. పాతది."

"గాలి పైపు ఎంత లావు?"

వాడు బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించాడు. సైకిలుకు గాలి కొట్టే పైపంత. సాకెట్లు ఉన్నాయా అంటే చేతి పానాకు వాడేవే ఉన్నాయన్నాడు. టార్క్ రెంచి లేదు. నేను సంతకం పెట్టలేదు, మర్నాడు రమ్మన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. ఆ మర్నాడు, ఆ తర్వాతి ఆదివారం వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. కుడతిని బళ్లారి నుంచి హొసపేటకు వెళ్ళే రోడ్డు మీద ఉంది. ఒక వైపు తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ, ఊరి దగ్గరే 1,700 మెగావాట్ల బళ్లారి థర్మల్ విద్యుత్ కేంద్రం, దక్షిణాన సండూరు ఇనుప కొండలు. నేను షెడ్డు పెట్టిన రోజుల్లో ఈ రోడ్డు మీద ఖనిజం లారీల వరుస తెగేది కాదు. అప్పుడు మా పని అంతా లారీ చక్రాలే. అంగుళం డ్రైవు గన్ను ఒకటి ఉండేది. పది కిలోల పైనే బరువు. ఇద్దరం పట్టుకుని, మోకాలి మీద ఆనించి నట్టుకు పెట్టేవాళ్ళం. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల తవ్వకాన్ని ఆపమన్నప్పుడు లారీలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. నాలుగు నెలలు షెడ్డులో ఈగలు తోలుకున్నాం. ఆ తర్వాత ఫ్యాక్టరీ ఉద్యోగుల కార్లు, టెంపోలు, స్కూలు వ్యాన్లు పట్టుకుని మళ్ళీ నిలదొక్కుకున్నాను. కారు పనికి అంగుళం గన్ను పనికిరాదు. అలా తేలిక గన్ను గురించి నేను నేర్చుకున్నది మొదట డబ్బు పోగొట్టుకుని, తర్వాత చేయి పాడుచేసుకుని.

గన్ను లోపల ఏముంది

గన్ను లోపల ఏం జరుగుతుందో తెలిస్తే పెట్టె మీది అంకెలు చూసి మోసపోము. ట్రిగ్గరు నొక్కగానే గాలి ఒక చిన్న స్థూపాకార గదిలోకి వస్తుంది. ఆ గదిలో మధ్యకు కాస్త పక్కగా ఒక రోటరు ఉంటుంది. దాని గాడుల్లో పలుచని పలకలు లోపలికి బయటికి జారుతుంటాయి. వీటినే వేన్లు అంటారు. గాలి ఈ పలకలను తోసుకుంటూ రోటరును నిమిషానికి కొన్ని వేల చుట్లు తిప్పుతుంది. ఇంతవరకు ఇది మామూలు మోటారే. దీని బలం చాలా తక్కువ, చేత్తో ఆపవచ్చు.

అసలు పని దాని ముందు ఉన్న సుత్తిది. రోటరుతో పాటు ఉక్కు సుత్తి తిరుగుతుంది. సాకెట్ తగిలించే ఇరుసును దాగలి అనుకోండి. ఇంగ్లీషులో కూడా దాని పేరు అన్విల్, అంటే దాగలే. నట్టు వదులుగా ఉన్నంతసేపు సుత్తి, దాగలి కలిసి తిరుగుతాయి. నట్టు బిగిసి దాగలి ఆగగానే సుత్తి దాని నుంచి విడిపోయి, మళ్ళీ వేగం అందుకుని, దాగలి చెవిని అడ్డంగా కొడుతుంది. కొట్టి, విడిపోయి, మళ్ళీ కొడుతుంది. నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు.

కమ్మరి కొలిమి చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కమ్మరి సుత్తిని నెమ్మదిగా ఎత్తుతాడు, బలాన్ని అందులో నింపుతాడు, ఆ బలమంతా క్షణంలో వెయ్యో వంతులో ఇనుము మీద పడుతుంది. వెయ్యి న్యూటన్ మీటర్లు చేత్తో తెప్పించాలంటే అర మీటరు పొడవున్న వీల్ పానా చివర సుమారు రెండు వందల కిలోల బరువు వేలాడాలి. గన్ను పట్టుకున్న పిల్లవాడి మణికట్టు మాత్రం తిరగదు. ఎందుకంటే దెబ్బకు ఎదురు నిలిచేది తిరుగుతున్న సుత్తి జడత్వం. చేతికి వచ్చేది సుత్తిని మళ్ళీ వేగం పట్టించడానికి కావలసిన చిన్న ఎదురుబలం, ఇంకా అదురు. ఈ అదురు సంగతి కింద చెబుతాను.

ఇక్కడ తేలిక అన్న మాటను విడదీసి చూడాలి. గన్నులో బరువు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి పై కవచం, పిడి. రెండోది లోపలి సుత్తి, దాగలి, రోటరు. పాత గన్నుల పిడి అల్యూమినియంతో ఉండేది. ఇప్పుడు నారలు కలిపిన గట్టి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. దాన్ని కాంపోజిట్ అంటారు. ముందు భాగం కవచాన్ని కొందరు మెగ్నీషియంతో, ఖరీదైనవాటిలో టైటానియంతో చేస్తారు. ఇలా తగ్గిన బరువు మంచి తగ్గింపు. ఉదాహరణకు ఇంగర్‌సోల్ రాండ్ వారి పాత 231సి మోడల్ బరువు సుమారు 2.6 కిలోలు, తయారీదారు చెప్పిన గరిష్ఠ రివర్స్ టార్క్ 600 ఫుట్ పౌండ్లు. అదే కంపెనీ 2135 టైమాక్స్ సుమారు 1.8 కిలోలు, 780 ఫుట్ పౌండ్లు. బరువు తగ్గినా బలం పెరిగింది. కానీ సుత్తినే చిన్నది చేసి బరువు తగ్గించిన గన్ను వేరు. అది చేతికి హాయిగా ఉంటుంది, తుప్పు పట్టిన నట్టు దగ్గర మాత్రం టకటకమని శబ్దం చేస్తూ నిలబడిపోతుంది.

సుత్తి అమరికలో కూడా తేడాలున్నాయి. ఒకే పెద్ద సుత్తి ఉన్నవి పొట్టిగా, చవకగా ఉంటాయి, అదురు ఎక్కువ. ఎదురెదురుగా రెండు సుత్తులున్నవాటిని ట్విన్ హామర్ అంటారు. దాగలికి రెండు వైపులా ఒకేసారి దెబ్బ పడుతుంది కాబట్టి బరువు సమంగా తూగి అదురు కొంత తగ్గుతుంది. రోజంతా చక్రాలు విప్పే పనికి నేను ట్విన్ హామర్ వైపే మొగ్గుతాను.

పెట్టె మీది అంకెలు

అమ్మేవారు పెద్ద అక్షరాలతో వేసేది నట్టు విప్పే దిశలో వచ్చే గరిష్ఠ అంకె. అందులోనూ రెండు రకాలు. గరిష్ఠ రివర్స్ టార్క్ ఒకటి, నట్ బస్టింగ్ టార్క్ అని ఇంకా పెద్ద అంకె ఒకటి. ఒక మోడల్ మొదటి అంకెను ఇంకో మోడల్ రెండో అంకెతో పోల్చకూడదు. బిగించే దిశలో రోజూ వాడదగిన పరిధి వీటికంటే చాలా తక్కువ, దాన్ని చిన్న అక్షరాలతో లోపలి కాగితంలో వేస్తారు. ఫుట్ పౌండ్లలో ఉంటే 1.356తో హెచ్చించండి, న్యూటన్ మీటర్లు వస్తాయి. 780 ఫుట్ పౌండ్లంటే సుమారు 1,058 న్యూటన్ మీటర్లు. మా తరం మేస్త్రీలు కిలో మీటర్లలో మాట్లాడతారు. ఒక కిలో మీటరు 9.8 న్యూటన్ మీటర్లు. ఇది దూరం కిలోమీటరు కాదని పరీక్షలో గుర్తుంచుకోండి!

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ అంకెలన్నీ గన్ను మూతి దగ్గర, గన్ను నడుస్తున్నప్పుడు, 90 పి.ఎస్.ఐ. పీడనం ఉంటేనే. ట్యాంకు మీద మీటరు 120 చూపిస్తే చాలదు. ఆ ఆదివారం మా విద్యార్థిని కూర్చోబెట్టి ఒక ప్రయోగం చేయించాను. గన్ను మూతికి ముందు ఒక టీ ముక్క పెట్టి దానికి పీడనం మీటరు బిగించాం. ట్రిగ్గరు వదిలేసి ఉన్నప్పుడు 100 చూపింది. నొక్కగానే ముల్లు 62కు పడిపోయింది. వాడు మీటరు పాడైందనుకున్నాడు. తర్వాత ఆ సన్న పైపు తీసేసి, లోపలి రంధ్రం పది మిల్లీమీటర్లున్న పైపు, దానికి తగిన పెద్ద కప్లరు వేశాం. అదే ట్యాంకు, అదే గన్ను, ముల్లు 86 దగ్గర నిలిచింది. "గన్ను మార్చకుండానే కొత్త గన్ను వచ్చింది కదా మామా" అన్నాడు వాడే.

అరంగుళం గన్నుకు లోపలి రంధ్రం కనీసం మూడెనిమిదుల అంగుళం ఉన్న పైపు కావాలి. పైపు పదిహేను మీటర్లు దాటితే అరంగుళం పైపు వేయండి. బలం చాలట్లేదని రెగ్యులేటరు తిప్పి పీడనం పెంచడం మాత్రం చేయవద్దు. సుత్తి, దాగలి చెవులు ముక్కలవుతాయి. నేను అలాగే రెండు గన్నులు పోగొట్టాను.

కంప్రెసర్ లెక్క ప్రతి విద్యార్థి స్వయంగా చేయదగినది. అరంగుళం గన్ను ఆగకుండా నడిస్తే నిమిషానికి సుమారు 20 ఘనపుటడుగుల గాలి తింటుంది. రెండు హెచ్.పి. కంప్రెసర్ పేరుకు ఏడెనిమిది ఘనపుటడుగులని రాసుకున్నా, నిజంగా బయటికి ఇచ్చేది ఐదు అనుకోండి. మరి ఎలా నడుస్తుంది? ట్యాంకులో నిల్వ ఉన్న గాలితో. 160 లీటర్ల ట్యాంకులో పీడనం 10 బార్ నుంచి 7 బార్‌కు దిగితే 160 × 3 = 480 లీటర్ల మామూలు గాలి బయటికి వస్తుంది. అది సుమారు 17 ఘనపుటడుగులు. గన్ను 20 తింటూ కంప్రెసర్ 5 నింపుతుంటే నికరంగా పోయేది 15. అంటే 17 ÷ 15 = 1.13 నిమిషాలు, సుమారు 68 సెకన్లు. కారు నట్టుకు మూడు, నాలుగు సెకన్లు పడుతుంది. నాలుగు చక్రాలకు నాలుగేసి నట్లు, పదహారు నట్లు, ఒక నిమిషం పని. కాబట్టి ఒక కారు చక్రాలు విప్పేవరకు ట్యాంకు సరిగ్గా సరిపోతుంది. చక్రాలు పక్కన పెట్టి బ్రేకు షూలు చూసేలోపు మళ్ళీ నిండుతుంది. రెండు హెచ్.పి.తో ఒక మనిషి కారు పని చేసుకోవచ్చు. ఇద్దరు చేయలేరు. లారీ పని అసలే వద్దు.

లారీ అంటే గుర్తొచ్చింది. భారీ లారీల 22 మిల్లీమీటర్ల స్టడ్డుల మీద నట్లను మామూలుగా 500 నుంచి 650 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తారు. తుప్పు పట్టాక విప్పడానికి ఇంకా ఎక్కువ కావాలి. అరంగుళం గన్ను మీద వెయ్యి అని రాసి ఉంది కదా అని లారీ చక్రానికి పెట్టిన వాళ్ళను చూశాను. ఒకటి రెండు నట్లు వస్తాయి. ఆ తర్వాత గన్ను మరమ్మతుకు వెళుతుంది. ఇంకో మాట. కొన్ని పాత వాహనాలకు ఎడమ వైపు చక్రాల మర ఎడమ మర. చూసుకోకుండా గన్ను పెడితే విప్పుతున్నామనుకుని విరిచేస్తాం.

బరువు, అదురు, నా వేలు

2.6 కిలోల గన్నుకు, 1.8 కిలోల గన్నుకు తేడా ఎనిమిది వందల గ్రాములు. ఇంతేనా అనిపిస్తుంది. రోజుకు పది కార్లు, కారుకు పదహారు నట్లు, విప్పడం ఒకసారి, పెట్టడం ఒకసారి. 320 సార్లు. 0.8 × 320 = 256 కిలోలు. రోజూ రెండున్నర క్వింటాళ్ళు ఊరికే మోసినట్టు. అందుకే తేలిక గన్ను సోమరితనం కాదు. పైకి ఎత్తిన బండి కింద నిలబడి, చేయి తలపైకి పెట్టి సస్పెన్షన్ నట్లు విప్పేటప్పుడు భుజానికి ఈ తేడా ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. కొనే ముందు దుకాణంలో గన్నుకు సాకెట్ తగిలించి, పైపు కూడా తగిలించి, చేయి చాచి రెండు నిమిషాలు పట్టుకోండి. ఒట్టి గన్ను పట్టుకుంటే అన్నీ తేలికగానే ఉంటాయి. మూతి బరువు వల్ల మణికట్టు కిందికి వాలుతుంటే ఆ గన్ను వద్దు.

అయితే తేలికదనానికి ఒక ధర ఉంది. అదురును మింగేది గన్ను బరువే. సుత్తి దెబ్బ అంతే ఉంచి చుట్టూ ఉన్న బరువు తగ్గిస్తే మిగిలిన అదురు చేతికి వస్తుంది. మంచి తయారీదారులు పిడికి రబ్బరు పొర, లోపల సమతూకం పెట్టి దీన్ని తగ్గిస్తారు. చవక తేలిక గన్నుల్లో అది ఉండదు.

ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. ఏడేళ్ళ కింద ఒక డిసెంబరు ఉదయం షెడ్డు బయట చన్నీళ్ళతో చేతులు కడుక్కుంటుంటే నా కుడిచేతి ఉంగరపు వేలు సున్నం పూసినట్టు తెల్లబడింది. గిల్లినా తెలియలేదు. పావుగంట తర్వాత మంటపుడుతూ రంగు వచ్చింది. అప్పటికి అదురు ఎక్కువున్న ఒక పొట్టి గన్నుతో నాలుగేళ్ళు పని చేసి ఉన్నాను. డాక్టరు చూసి, అదిరే పనిముట్లు పట్టేవారికి వేళ్ళ రక్తనాళాలు ముడుచుకుపోయి ఇలా వస్తుందని, ముదిరితే వెనక్కి తిరగదని చెప్పాడు. ఇప్పుడు చలికాలం చిన్న స్క్రూ పట్టాలంటే మా అబ్బాయిని పిలుస్తాను. మీ వయసు పిల్లలకు ఇది చెప్పకపోతే నేను ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

దీనికి కూడా లెక్క ఉంది. యూరప్ దేశాల్లో 2002లో చేసిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిదినానికి సగటున సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 మీటర్లు దాటకూడదు. గన్ను కాగితంలో అదురు విలువ ఇచ్చి ఉంటే, అనుమతించిన అంకెను దానితో భాగించి, వర్గం చేసి, ఎనిమిదితో హెచ్చించండి. గన్ను అదురు 10 అనుకుంటే మొదటి హద్దుకు 8 × (2.5 ÷ 10)² = అర గంట. రెండో హద్దుకు రెండు గంటలు. ఇది ట్రిగ్గరు నొక్కి ఉన్న సమయం మాత్రమే, పనిలో ఉన్న సమయం కాదు. అదురు 5 ఉన్న గన్నుకు మొదటి హద్దే రెండు గంటలు. అదురు సగమైతే సమయం నాలుగింతలు. కాగితంలో అదురు విలువే ఇవ్వని గన్నును నేను ఇప్పుడు కొనను.

శబ్దం గురించి ఒక్క ముక్క: చాలా గన్నులు 90 డెసిబెల్స్ పైనే అరుస్తాయి. చెవి మూతలు పెట్టుకోండి. మా షెడ్డులో పాత మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయనతో మాట్లాడాలంటే ఇప్పుడు ఊరంతటికీ వినిపిస్తుంది.

విప్పడం గన్నుతో, బిగించడం చేత్తో

2013 వేసవిలో జరిగింది. నా షెడ్డులోనే, నా తప్పే. ఒక చిన్న కారుకు ముందు బ్రేకు ప్యాడ్లు మార్చాం. కొత్తగా చేరిన పిల్లవాడు మరలు శుభ్రంగా ఉండాలని స్టడ్డులకు గ్రీజు పూశాడు. తర్వాత గన్నుతో ఒక్కో నట్టును నాలుగైదు సెకన్లు కొట్టాడు. నేను బిల్లు రాస్తూ ఆ శబ్దం విన్నాను, ఏమీ అనలేదు. సాయంత్రం ఆ కారాయన తోరణగల్లు దాటాక ఫోను చేశాడు. స్టీరింగు కొట్టుకుంటుంటే పక్కకు ఆపి చూశాడట. ఎడమ ముందు చక్రానికి నాలుగింట్లో రెండు స్టడ్డులు విరిగి ఉన్నాయి, మూడోది సాగి ఉంది. వెనక సీట్లో ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. ఆయన నన్ను తిట్టలేదు. "అన్నా, నువ్వే వచ్చి చూడు" అన్నాడు. అంతే. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

ఎందుకు విరిగాయో మీ సిలబస్‌లోని చిన్న సూత్రంతోనే తెలుస్తుంది. టార్క్ అంటే ఘర్షణ అంకె, స్టడ్డు వ్యాసం, స్టడ్డులో పుట్టే లాగుడు బలం, ఈ మూడింటి లబ్ధం. పొడి మరకు ఘర్షణ అంకె సుమారు 0.2. చిన్న మారుతి కార్ల వంటి వాటికి 12 మిల్లీమీటర్ల స్టడ్డు, 85 న్యూటన్ మీటర్ల బిగింపు అనుకోండి. 85 ÷ (0.2 × 0.012) = సుమారు 35,400 న్యూటన్లు. ఒక్కో స్టడ్డు మూడున్నర టన్నులకు పైగా బలంతో చక్రాన్ని పట్టి ఉంచుతుందన్నమాట. చక్రం నిలిచేది ఈ పట్టు వల్లే, నట్టు అడ్డం ఉండటం వల్ల కాదు.

8.8 గ్రేడు స్టడ్డు, సన్న మర, కోత వైశాల్యం 88 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 640 న్యూటన్ల దగ్గర ఉక్కు సాగడం మొదలవుతుంది. 88 × 640 = సుమారు 56,000 న్యూటన్లు. 35,400కు చాలినంత ఎడం ఉంది. ఇప్పుడు గ్రీజు పూయండి. ఘర్షణ అంకె 0.12కు పడిందనుకుంటే అదే 85 న్యూటన్ మీటర్లకు 85 ÷ (0.12 × 0.012) = 59,000 న్యూటన్లు. టార్క్ రెంచితో సరిగ్గా బిగించినా స్టడ్డు సాగిపోతుంది! ఇక గ్రీజు లేకుండా గన్ను 250 న్యూటన్ మీటర్లు కొట్టిందనుకుంటే 1,04,000 న్యూటన్లు. దానికి 10.9 గ్రేడు స్టడ్డు కూడా నిలవదు. మా పిల్లవాడు రెండూ చేశాడు. సాగిన స్టడ్డు అప్పటికప్పుడు విరగదు. రోడ్డు మీద, గుంతలో, బండిలో మనుషులున్నప్పుడు విరుగుతుంది.

అప్పటి నుంచి షెడ్డులో ఒకటే పద్ధతి. మర మీద నూనె, గ్రీజు ఉండకూడదు, తీగ బ్రష్షుతో తుడవాలి. నట్టును వేళ్ళతో మూడు చుట్లు ఎక్కించాలి. గన్ను తక్కువ మెట్టులో పెట్టి, ఎదురెదురు నట్లను అంచు తాకేవరకు మాత్రమే తిప్పాలి. బండి కిందికి దించాక కంపెనీ మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచి పెట్టి, ఎదురెదురు వరుసలో బిగించాలి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూపించుకోమని బిల్లు మీద ముద్ర కొడతాం. గన్ను మీద ఒకటి, రెండు, మూడు అని ఉండే మెట్లు టార్క్ కొలతలు కావు. గాలి ఎంత పోవాలో చెప్పే కుళాయి మాత్రమే.

కాబట్టి కారు పని గన్నుకు వెయ్యి న్యూటన్ మీటర్లు అవసరమా? 85, 100, 110 బిగింపున్న నట్టు తుప్పు పట్టి మూడింతలు మొరాయించినా 350 లోపే. నిజంగా 500 ఇచ్చే గన్ను చాలు. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో కింద రాశాను.

సాకెట్లు, నూనె, ధూళి

చేతి పానాకు వాడే మెరిసే క్రోము పూత సాకెట్లు గన్నుకు పెట్టకూడదు. అవి గట్టిగా, పెళుసుగా ఉంటాయి. దెబ్బకు పగిలి ముక్కలు కంటికి కొడతాయి. నల్లటి, మందమైన ఇంపాక్ట్ సాకెట్లే కొనండి. కంటికి అద్దాలు పెట్టుకోండి. అల్లాయ్ చక్రాలకు గీతలు పడకుండా ప్లాస్టిక్ తొడుగున్న పలుచని పొడవు సాకెట్ ఒకటి ఉంటే గిరాకీ సంతోషిస్తాడు.

మా ఊరి గాలిలో ఎర్ర ఖనిజం దుమ్ము ఉంటుంది, బూడిద ఉంటుంది. (కుడతినికి బూడిద కొత్త కాదు. నవీన శిలాయుగం నాటి బూడిద దిబ్బ మా ఊరి దగ్గరే ఉంది, చరిత్ర చదివే విద్యార్థులు వచ్చి చూడవచ్చు.) బొగ్గు బూడిద రేణువులు గాజు గుళికల్లాంటివి. కంప్రెసర్ ముక్కుకు ఉన్న వడపోత చిరిగితే అవి నేరుగా గన్ను పలకల్ని అరగదీస్తాయి. వారానికోసారి వడపోత దులపండి. ట్యాంకు అడుగు కుళాయి రోజూ సాయంత్రం తిప్పి నీళ్ళు వదలండి. ఉదయం గన్ను మూతిలో నాలుగు చుక్కలు ఎయిర్ టూల్ ఆయిల్ వేయండి. ఇంజను ఆయిల్ వద్దు, పలకలు అంటుకుపోతాయి. మరమ్మతుకు వచ్చే గన్నుల్లో నేను ఎక్కువగా చూసేది నీళ్ళ తుప్పే.

బ్యాటరీ గన్నుల సంగతి అడుగుతారని తెలుసు. ఇప్పుడు అవి బలంగానే వస్తున్నాయి, రోడ్డు మీద పంక్చరుకు వెళ్ళేవారికి మంచివి. బ్యాటరీతో కలిపి బరువు చూసుకోండి, ఎక్కువ టార్క్ ఇచ్చేవి రెండున్నర కిలోలు దాటుతాయి. మా బళ్లారి ఎండలో బండిలో వదిలేసిన బ్యాటరీ ఎక్కువ కాలం మన్నదు. కంప్రెసర్ ఇప్పటికే ఉన్న షెడ్డుకు గాలి గన్నే చవక.

ఇక మా విద్యార్థి దరఖాస్తు. ఆదివారం సాయంత్రం ఇద్దరం కూర్చుని కొట్టివేసి మళ్ళీ రాశాం. గన్నుకు 6,500. అరంగుళం టార్క్ రెంచికి 3,500. ఇంపాక్ట్ సాకెట్ల సెట్టుకు 2,000. లావు పైపు, కప్లర్లు, వడపోత, నూనెకు 2,200. చెవి మూతలు, కంటి అద్దాలకు 800. మొత్తం 15,000. గన్ను దగ్గర వాడి మనసు ఒప్పలేదు.

"టైటానియం ఉండదు కదా మామా?"

"ఉండదు. రెండేళ్ళు సంపాదించి నువ్వే కొనుక్కో. అప్పుడు నాకు చూపించు."

సోమవారం బళ్లారి వెళ్ళి రెండు గన్నులు దుకాణంలో నడిపించి చూశాం. ఒకటి 1.7 కిలోలు, ఇంకొకటి 2.1. తేలికదాన్ని పట్టుకుని ట్రిగ్గరు నొక్కగానే వాడి చేతిలో అది తేనెటీగల పట్టులా కొట్టుకుంది. కాగితంలో అదురు విలువ లేదు. రెండోది పట్టుకుని, నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, "ఇదే మామా" అన్నాడు. దుకాణం బల్ల మీదే దరఖాస్తులో సంతకం పెట్టాను. బిల్లు, గన్ను సీరియల్ నంబరు జత చేసి పంపాం. టార్క్ రెంచి వాడటం నేర్చుకోవాలనుకునే మిగతా విద్యార్థులు ఏ ఆదివారమైనా ఉదయం పది తర్వాత షెడ్డుకు రావచ్చు. పాత చక్రం, పాత స్టడ్డులు సిద్ధంగా ఉంచుతాను, విరగ్గొట్టి చూడటానికి.